కాలికి ఆక్సిజన్

ముందే చెప్పేస్తున్నాను, నా కాలు నా దగ్గరే ఉంది. అయిదు వేళ్లూ ఉన్నాయి. చదివేవాళ్లు చివరిదాకా బిక్కుబిక్కుమంటూ కూర్చోనక్కర్లేదు.

ఇది రాయడానికి కారణం వేరే. మా ఊళ్లో ఇప్పటికి నలుగురు వచ్చి, "కోటేశ్వరమ్మా, నీ కాలికేదో గాలి పెట్టారంటగా, దాంతో పుండు మానిందంటగా, ఆ మెషిన్ ఎక్కడ దొరుకుద్ది?" అని అడిగారు. నలుగురికీ నోటితోనే చెప్పాను. నలుగురూ గాలి సంగతి విని లేచి వెళ్లిపోయారు. మిగతా సగం వినకపోతే ఆ మొదటి సగం దండగ. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఇంకో నలుగురు వస్తే తిట్టిపోస్తానేమోనని కాగితం మీద పెడుతున్నాను. టెన్త్ ప్యాసయ్యాక పెద్దగా పెన్ను పట్టుకున్నది లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు, మిరప, పత్తి. ఇంట్లో మా ఆయన ఆంజనేయులు, మా అత్తగారు వెంకాయమ్మ, నేను. కూతురు పర్చూరులో కాపురం చేసుకుంటోంది. నాకు షుగర్ వచ్చి పదకొండేళ్లు. మాత్రలు గుర్తున్నప్పుడు వేసుకునేదాన్ని. గుర్తు లేనప్పుడు, ఒంట్లో బాగానే ఉంది కదా అనుకునేదాన్ని.

ముందటేడు ఏప్రిల్

కోసిన మిరపకాయలు ఎండబెట్టే జాగాని కల్లం అంటాం. మా కల్లంలోకి చెప్పులతో ఎవరూ దిగరు. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాది తెలియక చెప్పులతో నాలుగడుగులు వేశాను. మా అత్తయ్య వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. వంగి, నా కాళ్ల నుంచి చెప్పులు తనే తీసి అవతల పొలంలోకి విసిరేసింది. తర్వాత అంది, "లచ్చిందేవిని చెప్పులతో తొక్కుతావంటే?" వట్టి కాళ్లతో తొక్కితే మరి లచ్చిందేవికి నొప్పి పుట్టదా అని నాకు అప్పుడు తట్టలేదు. తట్టినా అడిగేంత ధైర్యం లేదు. ఆ తర్వాత ముప్పయ్యేళ్లు నేను కూడా ఎవరినీ చెప్పులతో దిగనివ్వలేదు. కూలీల ముఠాని తీసుకొచ్చే మస్తాన్ బీ మొదటి రోజు చెప్పులతో వస్తే, వెనక్కి పంపించి విప్పించాను.

ఎందుకు దిగాలంటే, కాయలు తిరగెయ్యాలి. కాయల్లో పాదాలు ఈడ్చుకుంటూ వరసగా నడిస్తే కింది కాయ పైకొస్తుంది, పైది కిందికి పోతుంది. ఎర్రటి ఎండలో రోజూ ఇదే పని. కొత్తగా వచ్చిన కూలీలు సాయంత్రానికి కాళ్ల మంటకి తట్టుకోలేక బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. నాకు ఆరేడేళ్లుగా మంట తెలియడం మానేసింది. "మీవి పాలు తాగే కాళ్లు, నావి ముదిరిన కాళ్లు" అని వాళ్లని ఏడిపించేదాన్ని. గొప్పలు పోయేదాన్ని. నా కాళ్లు ముదరలేదనీ, షుగర్ లోపలి నరాలని తినేసిందనీ తెలియని గొప్ప అది.

ఆఖరి కోత కాయ ఎండుతున్న రోజు. మధ్యాహ్నం మజ్జిగ తాగడానికి షెడ్డులోకి వచ్చాను. మస్తాన్ బీ నా వెనకే వచ్చి ఆగిపోయింది.

"అక్కా, నీ అడుగులు చూడు."

సిమెంటు గచ్చు మీద ఎడమ పాదం పడిన చోటల్లా ఎర్రటి మరక. కాయ తొక్కు అంటుకుందేమో అన్నాను. ఎర్రటి కాయల మధ్య రక్తం ఎవరికి కనిపిస్తుంది? ఎన్నాళ్ల నుంచి కారుతోందో ఇప్పటికీ తెలియదు. మస్తాన్ బీ నన్ను కూర్చోబెట్టి పాదం ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలి కింద, కండ ఉబ్బెత్తుగా ఉండే చోట, నల్లతుమ్మ ముల్లు మొదలు కనిపిస్తోంది. పట్టి లాగితే వేలెడు ముల్లు వచ్చింది.

"నొప్పి లేదా?"

"లేదే."

"మంట?"

"అదీ లేదు."

"మంట లేదంటే ఏం లేదులే అక్కా."

మిరపలో బతికేవాళ్లకి మంటే కొలబద్ద. చేతికి చిన్న గీరుడు ఉన్నా కాయ ముట్టుకోగానే ప్రాణం లేచిపోతుంది. అంత కారంలో తొక్కినా మండలేదంటే అది పుండే కాదని ఇద్దరం నమ్మాం. ఆమెని తప్పు పట్టను. ఆమెకీ షుగరే, ఆమెకి తెలిసిందీ అంతే. పసుపు అద్దుకుని మళ్లీ కల్లంలోకి దిగాను.

వానాకాలం నుంచి డిసెంబరు దాకా

చింతగింజంత పుండు. పైన చర్మం మూసుకున్నట్టు కనపడేది, లోపల మెత్తగా ఉండేది. ఆకు పసర్లు కట్టాను. ఊళ్లో డాక్టరు ఇచ్చిన పౌడరు చల్లాను. పత్తి తీతల నాటికి నిమ్మచెక్కంత అయింది. నొప్పి లేదు కాబట్టి నడుస్తూనే ఉన్నాను. నొప్పి ఉంటే ఏ మనిషైనా కుంటుతాడు, కుంటితే సగం పుండు అదే మానుతుంది. నేను బ్రహ్మాండంగా నడిచాను.

నొప్పి లేదు గానీ వాసన వచ్చింది. దాని గురించి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాస్తున్నాను. ఇలాంటి పుండున్న వాళ్లందరికీ తెలిసిన విషయమే, సిగ్గుతో ఎవరూ బయటికి అనరు. మా అత్తయ్య శుక్రవారం కాకపోయినా ఇంట్లో సాంబ్రాణి వెయ్యడం మొదలుపెట్టింది. మా ఆయన ఉక్కపోతగా ఉందని మంచం వసారాలోకి మార్చుకున్నాడు. డిసెంబరులో ఉక్కపోత! నేను తెలియనట్టే ఉన్నాను. బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

అప్పటికి గుంటూరులో రెండు ఆస్పత్రులు తిరిగాం. హాల్లో కుర్చీల వరస మొదట్నుంచి చివరికి జరుగుతూ వెళ్లేదాన్ని. అక్కడ కూర్చుంటే ఎవరి మొహాలూ చూడబుద్ధి కాదు, అందరి కాళ్లే చూస్తాం. కట్టు ఎంత దాకా ఉంది, వేళ్లు ఎన్ని ఉన్నాయి. డిసెంబరులో రెండో ఆస్పత్రి డాక్టరు, కుర్రవాడు, కట్టు విప్పి చూసి మా ఆయన వైపు తిరిగాడు.

"వేలు తీసేద్దామండి. ఆలస్యం చేస్తే సగం పాదం తియ్యాల్సొస్తుంది."

మా ఆయన తల ఊపుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"బాబూ, కాలు నాది. చెప్పేదేదో నా మొహం చూసి చెప్పు."

ఆ డాక్టరు గతుక్కుమన్నాడు. పాపం, అబద్ధమేమీ చెప్పలేదు, అక్కడి పద్ధతి అది. వారం టైం అడిగి బయటికొచ్చాను. ఆటోలో మా ఆయన మెల్లగా అన్నాడు, "వేలే కదా కోటేశ్వరీ. ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"వేలే కదా అయితే మీది ఇవ్వండి" అన్నాను. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన భయం నాకు తెలుసు. ఆయన పెద్దన్నయ్య ఇలాగే కాలు నల్లబడి పోయాడు. తెలిసి కూడా మాట్లాడలేదు. అప్పుడు నేను మంచిదాన్ని కాదు.

జనవరి

మా కూతురు ఎవర్నో కనుక్కుని, పాదాలే చూసే డాక్టరమ్మ ఒకావిడ గుంటూరులో ఉందని చెప్పింది. ఆవిడ నన్ను మంచమ్మీద పడుకోబెట్టి, తను చిన్న స్టూలు మీద కూర్చుని నా పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుంది. నైలాను దారం లాంటిది పట్టుకుని, "కళ్లు మూసుకోండి. నేను ముట్టుకున్నప్పుడల్లా 'ఆ' అనండి" అంది.

కళ్లు మూసుకున్నాను. ఎదురుచూశాను. ఎంతకీ ఏమీ లేదు.

"ఎప్పుడు మొదలుపెడతారండీ?" అన్నాను.

"అయిపోయింది కోటేశ్వరమ్మ గారూ. పది చోట్ల ముట్టుకున్నాను."

వాసనకి ఏడ్చాను, వేలు తీస్తారంటే ఏడ్చాను గానీ, అసలు ఏడుపు ఆరోజు వచ్చింది. ఏడేళ్లు నేను గొప్పలు పోయిన కాళ్లవి.

ఆవిడ నన్ను ఏడవనిచ్చింది. తర్వాత నా మొహం చూసి చెప్పింది. కాలికి రక్తం బాగానే ఆడుతోంది. ఎముకలోకి ఇంకా పోలేదు. పోయి ఉంటే తనూ వేలు తీసెయ్యమనే చెప్పేది. పుండు మానాలంటే అక్కడి కండకి ఆక్సిజన్ కావాలి, లోపల్నుంచి అందేది చాలక మానడం ఆగిపోయింది, కాబట్టి బయట్నుంచి పుండు మీదికే ఆక్సిజన్ పెట్టి చూద్దాం అంది.

"మానుతుందాండీ?"

"అందరికీ మానుతుందని చెప్పను. సగం పని దానిది, సగం మీది. షుగర్ అదుపులో ఉండాలి. ఈ పాదం మటుకు నేల మీద మోపకూడదు. మోపితే నేను ఎంత ఆక్సిజన్ పెట్టినా ఒకటే."

ఒక బూటు ఇచ్చింది. మడమ కింద ఎత్తుగా, ముందు భాగం గాల్లో తేలేలా ఉంటుంది. పడుకునేటప్పుడు తప్ప తియ్యకూడదు. దాంతో నడుస్తుంటే పడవలో నిలబడినట్టు ఉండేది.

వారానికి అయిదు రోజులు, రోజుకి గంటన్నర. కాలిని మోకాలి కింద దాకా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచీలో పెట్టి, పిక్క దగ్గర పట్టీ బిగించి, మెషిన్ ఆన్ చేస్తారు. బుస్సుమని సంచీ ఉబ్బుతుంది. లోపల తేమ పట్టి, కాలు మంచులో కనపడ్డట్టు కనపడుతుంది. ఏం తెలుస్తుందని అడుగుతారు అందరూ. ఏమీ తెలియదు. పిక్క దగ్గర బిగుతు తెలుస్తుంది, కూర్చుని కూర్చుని నడుం తెలుస్తుంది.

కట్టు కట్టేది నాగుల్ మీరా అనే నర్సు. చెయ్యి మహా మెత్తన. మొదటి రోజు కట్టు విప్పబోతుంటే, "ముక్కు మూసుకో నాయనా" అన్నాను సిగ్గుతో. "అమ్మా, మా ఇల్లు మిర్చి యార్డు వెనకాల. మా ముక్కులు ఎప్పుడో పోయాయి" అన్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అతను ఆ తర్వాత ఒక్కరోజు కూడా మాస్కు పెట్టుకుంటూ నా ముందు మొహం చిట్లించలేదు.

పక్క మంచం సుబ్బారావు గారిది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కుడికాలు మోకాలి కింద అప్పటికే లేదు, ఎడమకాలికి పుండు. నాకు ధైర్యం చెప్పాల్సింది పోయి రోజూ ఆటపట్టించేవాడు. మెషిన్ బుస్సుమనగానే, "రైట్ రైట్, బండి కదిలింది, టికెట్లు తీసుకోండి" అనేవాడు. డిసెంబరు డాక్టర్ని నేను తిడుతుంటే మాత్రం ఒకసారి ఆపాడు.

"కోటేశ్వరమ్మ గారూ, నాకు కాలు తీసిన డాక్టరు దేవుడు. తియ్యకపోతే ఈ సీట్లో నేనుండేవాణ్ణి కాదు. మీది తియ్యక్కర్లేకపోవడం మీ అదృష్టం. దాన్ని మీ గొప్పతనం అనుకోకండి."

ఇంకెవరన్నా అని ఉంటే నా నోటికి బలయ్యేవాళ్లే. ఆయన అనబట్టి మింగాను.

ఇంతలో ఊళ్లో కబురు పొక్కింది, కోటేశ్వరమ్మకి ఆక్సిజన్ పెట్టారని. కరోనా చూసిన ఊరు కదా మాది. ఆక్సిజన్ పెట్టారంటే ఇక రెండ్రోజులే అని లెక్క. చిలకలూరిపేట నుంచి మా ఆయన పెద్దమ్మ కూతురు బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని, గుమ్మంలోనే గొల్లుమంటూ వచ్చింది. నేను వసారాలో కూర్చుని చిక్కుళ్లు వలుస్తున్నాను.

"ఏందే, బాగానే ఉన్నావా?" అంది. గొంతులో కాస్త నిరాశ కూడా ఉందని నా అనుమానం.

"ఆక్సిజన్ కాలికి వదినా" అన్నాను.

"కాలికెందుకే? కాలు ఊపిరి పీలుస్తదా?"

"పీలుస్తది. పీల్చకపోతే కుళ్లుద్ది" అన్నాను. ఆవిడకి డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. నాకే మొదటిసారి అర్థమైనట్టు అనిపించింది.

మార్చి

ఎనిమిది వారాలకి నిమ్మచెక్క మళ్లీ చింతగింజ అయింది. అంచుల నుంచి గులాబీ రంగు చర్మం లోపలికి పాకుతూ రావడం నేను కళ్లారా చూశాను. వాసన పోయింది. మా ఆయన మంచం లోపలికి వచ్చింది. నాగుల్ మీరా, "ఇంకో పదిహేను రోజులమ్మా" అన్నాడు. నాకు కళ్లు నెత్తికెక్కాయి. మెషినే అంతా చేస్తోంది, నేను చెయ్యాల్సిన సగం ఉత్త చాదస్తం అనిపించడం మొదలైంది. బూటు మాత్రం వదల్లేదు. అది నిజం.

ఆదివారం. ఆస్పత్రి లేదు. మా ఆయన పురుగుమందు కోసం ప్రత్తిపాడు వెళ్లాడు. రెండో కోత కాయ మొత్తం కల్లంలో ఉంది, ముప్పావు వంతు ఎండింది. మధ్యాహ్నం మూడింటికి పడమట నల్లగా కమ్ముకొచ్చింది. మిరప రైతుకి ఆ మబ్బు ఎలా కనపడుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తడిసిన కాయ తెల్లబడుతుంది, బూజు పడుతుంది, ఏడాది చాకిరీ పోతుంది. మస్తాన్ బీ, ఇంకో నలుగురు ఆడవాళ్లు టార్పాలిన్ పట్టాలు లాగుతున్నారు. గాలికి అవి వాళ్ల చేతుల్లో నిలవడం లేదు. నాకు వసారాలోంచి కనపడుతోంది. కల్లం ఇంటికి ఆనుకునే ఉంది.

పరిగెత్తాను. బూటుతోనే, పడవలా ఊగుతూ పరిగెత్తాను. అది కూడా తప్పే. కానీ అంతటితో ఆగినా బాగుండేది.

కల్లం అంచుకి వచ్చి ఆగాను. వంగాను. బూటు పట్టీలు విప్పాను. బూటు పక్కన పెట్టి, వట్టి కాళ్లతో కల్లంలోకి దిగాను.

ఎవరూ విప్పమనలేదు. నేను ఆలోచించి చేసింది కాదు. చెయ్యి దానంతటదే వెళ్లింది. రెండు నెలలు ఆస్పత్రిలో ఎంతమంది చెప్పినా, ముప్పయ్యేళ్ల కిందట పొలంలో పడ్డ చెప్పుల జతే గెలిచింది.

అరగంట లాగాం, కట్టాం, రాళ్లు పెట్టాం. కాయ చాలావరకు దక్కింది. తిరిగి వచ్చేసరికి బూటు నిండా వాన నీళ్లు. పాదం కట్టు ఎక్కడో ఊడిపోయింది. గులాబీ చర్మం లేదు. కారం, బురద, రక్తం కలిసిపోయి ఉన్నాయి. అప్పుడు కూడా మండలేదు.

సోమవారం నాగుల్ మీరా చూసి డాక్టరమ్మని పిలవడానికి వెళ్లాడు. సుబ్బారావు గారు రైట్ రైట్ అనలేదు. డాక్టరమ్మ వచ్చింది.

"బూటు తీశారా?"

"తీశానండి."

"ఎందుకు?"

"కల్లంలోకి చెప్పులతో దిగమండి."

"మీ కాలికంటే కాయలు ఎక్కువా?" అంది. మొదటిసారి కోపంగా అంది.

ఎక్కువని కాదు. అసలు ఆ పోలికే నా బుర్రలోకి రాలేదు. అది ఆవిడకి చెప్పడం నా వల్ల కాలేదు. జ్వరం వచ్చింది, పాదం వాచింది, ఆస్పత్రిలో చేర్చారు. ఈసారి ఎముకలోకి పోయిందేమో స్కాను చూసి, పోయి ఉంటే వేలితో పాటు పాదంలో ముందు భాగం తీసేస్తానని డాక్టరమ్మే చెప్పింది. నా మొహం చూసే చెప్పింది.

స్కాను చూసి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను భయపడ్డాను. తెగింపు, మొండితనం అన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. పాదం మీద దుప్పటి కప్పుకుని కింద అయిదు వేళ్లున్నాయా అని చేత్తో తడుముకునేదాన్ని. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండు అనిపించింది. ఆ బూటుని తెచ్చాడు. లోపల బురద అంతా కడిగి, ఎండబెట్టి, పట్టీలు కొత్తవి కుట్టించాడు. మంచం పక్కన పెట్టి, "తీస్తారో తియ్యరో, ఇది మాత్రం నీకు కావాలి" అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. పెళ్లయ్యాక నలుగురిలో ఆయన చెయ్యి పట్టుకున్నది అదే.

ఎముకలోకి పోలేదు. పోలేదని చెప్పిన క్షణంలోనే నాకు మళ్లీ నోరు వచ్చింది. "అయితే మళ్లీ మొదలుపెట్టండి" అన్నాను. "ఈసారి నా సగం నేను చేస్తాను."

ఎండాకాలం, ఆ తర్వాత

ఈసారి రోజూ తిరగడం వద్దని, చిన్న మెషిన్ ఇంటికే ఇచ్చారు. నాగుల్ మీరా వచ్చి మా ఆయనకి పట్టీ బిగించడం నేర్పాడు. ఆక్సిజన్ దగ్గర నిప్పు ఉండకూడదని గట్టిగా చెప్పాడు, దీపం వద్దు, సాంబ్రాణి వద్దు, బీడీ వద్దు.

"చుట్టో?" అంది మా అత్తయ్య.

"అసలు వద్దు మామ్మా."

మా అత్తయ్య నోట్లో చుట్ట లేకుండా నేను చూసింది తక్కువ. మా మామగారు పోయిన రోజున కూడా పెరట్లోకి వెళ్లి కాల్చుకుని వచ్చి ఏడ్చింది. అలాంటి మనిషి, నేను సంచీలో కాలు పెట్టిన గంటన్నరా చుట్ట ముట్టకుండా ఎదురుగా మంచమ్మీద కూర్చునేది. పెరట్లోకి వెళ్లి కాల్చుకోవచ్చు కదా అంటే, "నీ మెషిన్ ఆగిపోతే ఎవరు చూస్తారే?" అనేది. సంచీకి పట్టిన తేమనే చూస్తూ ఉండేది. వాన రోజు గురించి ఒక్కనాడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా ఇద్దరి మధ్యా ఆ బూటు అలాగే ఉండిపోయింది.

నేను నేల మీద ఆ పాదం మోపలేదు. మూత్రానికి వెళ్లాలన్నా బూటు. పెళ్లిళ్లకి వెళ్లలేదు, పొలం వెళ్లలేదు. కాలు మీద కాలేసుకుని కూర్చుందని ఊళ్లో అన్నారు. అనుకోనిచ్చాను. చెట్లకి ఎరువు వేసినంత శ్రద్ధగా మాత్రలు వేసుకున్నాను.

జూలైలో మూసుకుంది. డాక్టరమ్మ వెంటనే మానిందని అనలేదు, మూడు వారాలు ఆగి మళ్లీ చూసి అప్పుడు అంది. నేను వేలితో ఆ చోటు తడిమాను. పాదానికి తెలియలేదు. వేలికి తెలిసింది, మెత్తగా, పలచగా, పొడిగా ఉంది.

"స్పర్శ తిరిగి రాదండి" అంది ఆవిడ. "రేపు ఇంకో ముల్లు దిగినా మీకు తెలియదు. రోజూ కళ్లతో చూసుకోవాలి. వట్టి కాళ్లతో నడవడం ఇక ఈ జన్మకి లేదు, ఇంట్లో కూడా."

సుబ్బారావు గారికి అంత కలిసిరాలేదు. ఆయన కాలికి రక్తమే సరిగ్గా అందడం లేదట, ఆక్సిజన్ పెట్టినా నిలవలేదు. జూన్‌లో ఎడమకాలికి రెండు వేళ్లు తీశారు. కాలు మాత్రం నిలిచింది. ఆఖరిసారి కలిసినప్పుడు తన గడ్డం గీసుకునే అద్దం నా చేతిలో పెట్టాడు. "అరికాలు చూసుకోవడానికండి. నాకు మిగిలినవి మూడే, చిన్న అద్దం సరిపోతుంది" అన్నాడు. ఆ అద్దంలో రోజూ పొద్దున్నే నా మొహం కంటే ముందు అరికాలు చూసుకుంటున్నాను.

ఈ ఫిబ్రవరి

మళ్లీ కాయ కల్లంలోకి వచ్చింది. డాక్టరమ్మ కొలతలిచ్చి కుట్టించిన బూట్ల జత నాకు ఉంది. మెత్తటి లోపలి అట్ట, మూసిన ముందు భాగం. కల్లంలోకి దిగాలా మానాలా అని వారం ఆలోచించాను. మానితే నేనెవర్ని? కాయ తిరగెయ్యడం తప్ప నాకు ఇంకేం వచ్చు? దిగితే బూట్లతోనే దిగాలి. ఎవరేమన్నా అననీ, నా కాలు నాది అనుకున్నాను. అత్తయ్యకి చెప్పాల్సిన మాటలన్నీ వరసగా తయారుచేసుకున్నాను. లచ్చిందేవికి నేను కావాలా, నా చెప్పులు కావాలా అని కూడా అందామనుకున్నాను.

అంత తెగించి కూడా, పొద్దున్నే గుమ్మంలో కూర్చుని, ఎడమకాలికి మాత్రం బూటు తొడుక్కున్నాను. కుడికాలు వట్టిదే. సగం లచ్చిందేవికి, సగం డాక్టరమ్మకి అన్నమాట. కొత్త బూటే, వీధి మట్టి తగల్లేదు అని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

కల్లం అంచున మస్తాన్ బీ ముఠా నిలబడి ఉంది. వాళ్ల చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. మా ఆయన పట్టాలు మడతపెడుతున్నాడు. అత్తయ్య పందిరి కింద మంచమ్మీద ఉంది. నేను ఒంటి బూటుతో వెళ్లి కల్లంలోకి కాలు ఎత్తాను.

"ఆగవే" అంది అత్తయ్య.

అందరూ నా వైపు చూశారు. తయారుచేసుకున్న మాటల్లో మొదటిది నోటిదాకా వచ్చింది.

"రెండోదేదే?"

"ఏది?"

"రెండో బూటు."

"ఇంట్లో ఉంది."

"ఆ కాలికి లేదా షుగరు?"

మా ఆయన పట్టా కింద పడేసి, నేను అడక్కుండానే ఇంటివైపు పరిగెత్తాడు.

అత్తయ్య చుట్ట ఆర్పి పక్కన పెట్టింది. నా వైపు కాకుండా కాయల వైపు చూస్తూ అంది, "వాన రోజున నువ్వు ఇక్కడ నిలబడి బూటు ఇప్పుతుంటే చూశానే. ఇప్పమాక అందామనుకున్నా. నోరు రాలా." "నీ చెప్పులు ఇసిరేసింది నేనే కదా" అంది.

ఎండాకాలమంతా ఆ గంటన్నర చుట్ట లేకుండా ఎదురుగా ఎందుకు కూర్చుందో అప్పుడు తెలిసింది. వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను. మా ఆయన బూటు తెచ్చాడు. ఆవిడ మంచమ్మీద నుంచి వంగి, ఆ బూటు నా కుడికాలికి తనే తొడిగింది. పట్టీ ఎలా బిగించాలో తెలియక మా ఆయన్ని అడిగింది.

రెండు బూట్లతో కల్లంలోకి దిగాను. కాయల్లో కాళ్లు ఈడ్చుకుంటూ ఒక సాలు తిప్పి వెనక్కి చూస్తే, మస్తాన్ బీ వట్టి కాళ్లతో అంచునే నిలబడి మా అత్తయ్యనీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది.

"చూస్తావేం?" అన్నాను. "నీకూ షుగరేగా. రేపు బూట్లు తెప్పిస్తా. ఇవాళ్టికి పోయి ఆ చెప్పులేసుకుని రా."